కాన్సస్‌లో ఒక గ్రంథపాలకుడు

శ్రోతలకు నమస్కారం.

పాలమూరు, నల్గొండ వైపు వాళ్లకు ‘ఎంబీ చర్చి’ అన్న మాట కొత్త కాదు. జడ్చర్లలో ఎంబీ ఆసుపత్రి కూడా ఉంది. ఎంబీ అంటే మెన్నొనైట్ బ్రెదరెన్. 1889లో అబ్రహాం ఫ్రీసెన్ అనే ఆయన రష్యా నుంచి వచ్చి నల్గొండలో మిషన్ పని మొదలుపెట్టాడు. అమెరికా నుంచి ఈ సంఘం వాళ్లు 1899లో వచ్చారు. రష్యా నుంచి వచ్చిన ఈ ఫ్రీసెన్ ఇంట్లో మాట్లాడే భాష జర్మన్! ఆ చిక్కుముడి విప్పాలంటే పాత కాగితాలు కావాలి. అలాంటి కాగితాలను పోగుచేయడానికే జీవితం ఇచ్చిన ఒక గ్రంథపాలకుడి గురించి ఈరోజు చెబుతాను. ఆయన పేరు కార్నీలియస్ క్రాన్.

ముందు మెన్నొనైట్లు ఎవరో నాలుగు ముక్కలు. 16వ శతాబ్దపు యూరప్‌లో కొందరు, పసిపిల్లలకు కాదు, పెద్దయ్యాక తెలిసి అడిగినవాళ్లకే బాప్తిస్మం ఇవ్వాలన్నారు. ఆయుధం పట్టేది లేదన్నారు. వీళ్లనే ఆనబాప్టిస్టులంటారు. కాథలిక్ పాలకులూ ప్రొటెస్టెంట్ పాలకులూ పోటీపడి వీళ్లను వేటాడారు. 1527లో ఫెలిక్స్ మాంజ్ అనే ఆయనను జ్యూరిక్‌లో నదిలో ముంచి చంపారు. 1536లో మెన్నో సైమన్స్ అనే డచ్చి మతగురువు కాథలిక్ పదవి వదిలి వీళ్లలో చేరాడు. మెన్నొనైట్లన్న పేరు ఆయనవల్లే వచ్చింది. తరువాత వీళ్లలో చాలామంది ఇప్పటి పోలండ్‌లోని విస్తులా నది డెల్టాకు వెళ్లారు. డచ్చి పోయి జర్మన్ వీళ్ల భాష అయింది అక్కడే. అక్కడినుంచి కొందరు 1789లో రష్యా సామ్రాజ్యంలో, ఇప్పటి ఉక్రెయిన్‌లో, నీపర్ నది ఒడ్డున ఖోర్టిట్సాలో స్థిరపడ్డారు. 1870లలో రష్యాలో సైనిక సేవ తప్పనిసరి చేయబోతున్నారని తెలిసి సుమారు 18 వేలమంది అమెరికా, కెనడాలకు ఓడలెక్కారు.

క్రాన్ వెనక ఉండిపోయిన కుటుంబాల్లోవాడు. 1902లో ఖోర్టిట్సా ప్రాంతంలో పుట్టాడు. విప్లవం, అంతర్యుద్ధం, కరువు, అన్నీ చూసి జర్మనీ చేరాడు. మెన్నో సైమన్స్ మీద ఆయన రాసిన పరిశోధన 1936లో పుస్తకంగా వచ్చింది. తరువాత అమెరికా వెళ్లి, 1944లో కాన్సస్ రాష్ట్రం నార్త్ న్యూటన్‌లోని బెతెల్ కాలేజీలో చరిత్ర గ్రంథాలయం బాధ్యత తీసుకున్నాడు.

అప్పటి పరిస్థితి ఊహించండి. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మన్ మాట్లాడితేనే అనుమానం. యుద్ధబాండ్లు కొనబోమన్న మెన్నొనైట్ల ఒంటికి తారు పూసి ఈకలు అంటించిన ఘటనలు 1918లో కాన్సస్‌లోనే జరిగాయి. ఆ తరువాత ఇళ్లలోనూ చర్చిలోనూ ఇంగ్లీషు వచ్చేసింది. మనవళ్లకు తాతగారి ఉత్తరాలు చదవడం రాదు. జర్మన్ రాకపోవడం ఒకటైతే, ఆ పాత గోతిక్ చేతిరాత మరో తలనొప్పి. అటక మీది పెట్టెలు ఎవరికీ పనికిరానివైపోయాయి. పుస్తకాలు కొని అరల్లో సర్దుకుంటూ కూర్చుంటే ఇలాంటి గ్రంథాలయం నిండదు. పెట్టె చెత్తలోకి పోకముందే ఇంటివాళ్లతో మాట్లాడాలి. బాప్తిస్మం రిజిస్టర్లు, ప్రయాణపు డైరీలు, ఊరి పటాలు, ప్రసంగాల నోటుబుక్కులు, వంశవృక్షాలు, అన్నీ పనికొచ్చేవే.

నన్నడిగితే క్రాన్ తెలివంతా ఇంకోచోట ఉంది. 1946లో ‘మెన్నొనైట్ లైఫ్’ అనే పత్రిక మొదలుపెట్టాడు. పండితుల కోసం కాదు, మామూలు కుటుంబాల కోసం. నిండా ఫోటోలు. తమలాంటి వాళ్ల బతుకు అచ్చులో కనబడితే తమ అటక మీది పెట్టె విలువ ఎవరికైనా తెలిసొస్తుంది కదా! 1955 నుంచి 1959 వరకు నాలుగు సంపుటాలుగా వచ్చిన మెన్నొనైట్ విజ్ఞానసర్వస్వం సంపాదకవర్గంలోనూ ఆయన ఉన్నాడు.

వీళ్ల చరిత్రలో కాగితం పడ్డ పాట్లు కూడా మామూలువి కావు. హతసాక్షుల కథలన్నీ చేర్చిన ‘మార్టిర్స్ మిర్రర్’ అనే పెద్ద గ్రంథం 1660లో డచ్చిలో వచ్చింది. దాని జర్మన్ అనువాదాన్ని 1748లో పెన్సిల్వేనియాలోని ఎఫ్రాటాలో అచ్చువేశారు. అమ్ముడుపోకుండా మిగిలిన అచ్చు కాగితాలను అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో సైన్యం పట్టుకుపోయి తూటాలు చుట్టడానికి వాడుకుంది. తుపాకీ ముట్టనివాళ్ల పుస్తకానికి పట్టిన గతి అది. ఇంకో విచిత్రం ఏమిటంటే, తొలితరం ఆనబాప్టిస్టుల మాటలు మనదాకా వచ్చింది చాలావరకు వాళ్లను విచారించిన కోర్టుల రికార్డుల్లోనే. హింసించినవాడి గుమాస్తా రాసిన కాగితం కూడా ఈ గ్రంథపాలకుడికి అవసరమే.

క్రాన్ వదిలొచ్చిన నేలమీద ఇదే పని తలకెత్తుకున్న ఇంకొకాయన ఉన్నాడు. మోలొచ్నా మెన్నొనైట్ గ్రామాల్లో పీటర్ బ్రౌన్ అనే ఉపాధ్యాయుడు 1917 నుంచి సంఘం కాగితాలు కూడగట్టాడు. 1929లో సోవియట్ అధికారులు వాటిని పట్టుకుపోయారు. ఇక నాశనమైపోయాయనే అందరూ అనుకున్నారు. 1990లో కెనడా ప్రొఫెసర్ హార్వీ డిక్‌కు అవి ఒడెస్సా ప్రభుత్వ పురాలేఖాగారంలో కనిపించాయి. క్రాన్ చనిపోయింది కూడా ఆ ఏడాదే. లక్షకు పైగా పేజీలను మైక్రోఫిల్మ్ చేసి మెన్నొనైట్ గ్రంథాలయాలకు చేర్చారు. వాటిలో యోహాన్ కోర్నీస్ అనే వ్యవసాయ సంస్కర్త ఉత్తరాలు పెద్ద భాగం. వాటి ఇంగ్లీషు అనువాదం మొదటి సంపుటం 2015లో టొరంటోలో అచ్చయింది.

నమస్కారం.