503 లోంచి 247: పిల్లలు చేసే మూడు తప్పులు

నమస్తే. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకొని ఒక లెక్క వేయండి. 503 లోంచి 247 తీసేయాలి. జవాబు 256. నాలుగో తరగతిలో ఈ లెక్క ఇస్తే ఒకరు 344 రాస్తరు, ఒకరు 356, ఇంకొకరు 166. మూడింటి మీద ఒకే ఎర్ర ఇంటు పడుతది. తర్వాత ముగ్గురినీ కూర్చోబెట్టి తీసివేత మళ్ళీ మొదటి నుంచి చెప్తం. దాంతో ఎవరికీ లాభం ఉండదు, ఎందుకంటే ముగ్గురూ ఆగిపోయిన చోటు వేరు వేరు.

ముందు 344 చూద్దాం. ఒకట్లలో పైన 3, కింద 7. ఈ పిల్ల 7 లోంచి 3 తీసి 4 వేసింది. పదుల్లో 0, 4 ఉంటే మళ్ళీ 4. వందల్లో 5 లోంచి 2 పోతే 3. పై అంకె ఏది, కింది అంకె ఏది అనే పట్టింపు లేదు. ఏ వరుసలో అయినా పెద్దదాంట్లోంచి చిన్నది తీసుడే. ఈ సూత్రం ఆమెకు ఎవరు నేర్పిండ్రు? చిన్న తరగతుల్లో మనమే. "చిన్నదాంట్లోంచి పెద్దది పోదు" అని వందసార్లు చెప్పినం. పిల్ల మన మాట విన్నది, అన్ని చోట్లా అదే పాటించింది.

356 రాసిన పిల్లవానికి అప్పు తెచ్చుకునుడు తెలుసు. 3 ను 13 చేసిండు, 7 పోతే 6. సున్నాను 9 చేసిండు, 4 పోతే 5. కానీ వందల్లో ఉన్న 5 ను 4 చెయ్యలేదు. "నడుమ సున్నా ఉంటే 9 వెయ్యాలె" అన్నది గుర్తున్నది. ఆ తొమ్మిది ఎక్కడిది? ఒక వందను విప్పితే పది పదులు వచ్చినయి, అందులో ఒక పది ఒకట్లకు పోయింది, తొమ్మిది మిగిలినయి. ఈ సంగతి అతనికి ఎవరూ చూపించలేదు.

ఇక 166. ఇది చాలా ఆసక్తికరమైన తప్పు. సున్నా దగ్గర ఏమీ దొరకదని దాన్ని దాటేసి నేరుగా వందల ఇంటికి పోయిండు. 5 ను 4 చేసి, 3 ను 13 చేసిండు. 7 పోతే 6. పదుల్లో ఇంకా సున్నానే ఉన్నది కాబట్టి మళ్ళీ వందల దగ్గరికి పోయిండు. 4 కాస్తా 3 అయింది, సున్నా 10 అయింది. 4 పోతే 6, 3 లో 2 పోతే 1. మొదటిసారి వంద ఇచ్చి పదే తెచ్చుకున్నడు. సరైన జవాబు 256, రాసింది 166, తేడా సరిగ్గా 90. పోయిన ఆ 90 ఇక్కడ కనిపిస్తున్నది. అట్లనే 356 కు తేడా సరిగ్గా 100, అంటే తగ్గించడం మరిచిన వంద. దిద్దేటప్పుడు తేడా ఎంతో పక్కన రాసుకుంటే సగం పని అక్కడే అయిపోతది.

166 పిల్లవానికి నోట్లతో చెప్పండి. వంద రూపాయల నోట్లు ఐదు, రూపాయి బిళ్ళలు మూడు ఇచ్చి, 247 కట్టమనండి. కిరాణా కొట్టులో వంద నోటు ఇస్తే పది రూపాయల నోట్లు ఎన్ని రావాలె? ఒక్కటే ఇస్తే ఊరుకుంటవా? ఈ ప్రశ్నతో వాడే పట్టుకుంటడు. 356 పిల్లవానికి కూడా నోట్లే, కాకపోతే వంద మార్చిన ప్రతిసారీ చేతిలో ఎన్ని వందలు మిగిలినయో లెక్కబెట్టించాలె. 344 పిల్లను మాత్రం ఇంకా వెనక్కి తీసుకపోవాలె. చీపురు పుల్లలు పదేసి కట్టలు కట్టి, 52 పెట్టి, అందులోంచి 38 తీయమనండి. రెండు పుల్లల్లోంచి ఎనిమిది రావు, కట్ట విప్పక తప్పదు. కాగితం మీద మొదట తనకు 26 వచ్చి ఉంటది, చేతిలో 14 మిగులుతయి. ఈ రెండూ ఎందుకు కలవలేదో ఆమెనే చెప్పనియ్యండి.

తీసివేతలో పిల్లలు చేసే తప్పులను కంప్యూటర్ ప్రోగ్రాంలోని బగ్‌ల (లోపాల) లెక్క విడదీసి చూపిన పరిశోధన 1978 నాటిది. అమెరికాలో జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ చేసిండ్రు. అంతకు ముందే, 1967 లో, భాషాశాస్త్రవేత్త పిట్ కార్డర్ భాషా అభ్యాసంలో ఇంకో తేడా చెప్పిండు: పొరపాటు వేరు, తప్పు వేరు. పొరపాటైతే "మళ్ళీ చూడు" అనంగనే పిల్లలే దిద్దుకుంటరు. తప్పు అట్ల పోదు, ఎన్నిసార్లు చూసినా వాళ్ళకు అది సరిగ్గానే కనిపిస్తది. అందుకే ఒక్క లెక్క చూసి తీర్పు చెప్పొద్దు. అదే రకంవి మూడు నాలుగు ఇవ్వండి. అన్నింట్లో ఒకే తీరు వస్తేనే దాన్ని తప్పు కింద లెక్కగట్టాలె.

ఇప్పుడు చదువుడు సంగతి. పుస్తకంలో "రాజు బడికి వెళ్ళాడు" అని ఉంటది. నల్లగొండ, పాలమూరు పిల్ల "రాజు బడికి పోయిండు" అని చదువుతది. వెంటనే "అక్షరం చూసి చదువు" అంటం. ఒక్క నిమిషం ఆగండి. ఆ పిల్ల వాక్యం చదివింది, అర్థం చేసుకున్నది, తన ఇంటి మాటలోకి మార్చి చెప్పింది. అర్థం కాకుండా ఇది జరగదు. ఇంకొక పిల్లవాడు "పలక"ను "వలక" అని చదివి, ఆగకుండా ముందుకు పోతడు. మనం ఎక్కువ పట్టించుకోవలసింది ఇతన్నే. ప, వ ఆకారాలు కలిసిపోయినయి, అంతకంటే ముఖ్యం, వలక అంటే ఏంది అన్న అనుమానమే రాలేదు.

అయితే "పోయిండు" అన్నంత మాత్రాన ఆ పిల్లకు అక్షరాలన్నీ వచ్చినట్టు కాదు. బొమ్మ చూసి ఊహించి ఉండొచ్చు. తేల్చుకోవాలంటే బొమ్మను చేత్తో మూసి చదివించండి. ఇంకా అనుమానం ఉంటే అర్థం లేని మాటలు, గాతిము, పోలెద లాంటివి, ఒక ఐదు రాసి చదవమనండి. ఊహకు అక్కడ చోటు లేదు. అవి కూడా చదివిందంటే పుస్తకంలో "పోయిండు" అన్నందుకు ఆమెను దిద్దాల్సిన పనే లేదు.

రాతలో ఒత్తుల తప్పులు రెండు రకాలు. పది మాటలు డిక్టేషన్ చెప్పండి. బుగ్గ, గడ్డి, ముద్ద లాంటివి కొన్ని, అత్త, అన్న, అమ్మ లాంటివి కొన్ని. గ, డ, ద ఒత్తులు అక్షరం లెక్కనే ఉంటయి. త, న, మ, య, ర, ల ఒత్తులు రూపం మార్చుకుంటయి. మొదటి రకం సరిగ్గా రాసి రెండో రకం దగ్గర తడబడితే సమస్య ఆకారంతోటి, ఆ ఆరు ఒత్తులను విడిగా దిద్దిస్తే సరిపోతది. గడ్డిని గడి అని, అమ్మను అమ అని, అన్నీ ఒత్తు లేకుండా రాస్తే మాత్రం చెవి దగ్గరికి పోవాలె. గడి, గడ్డి రెండూ పలికి, ఎక్కడ నొక్కుతున్నమో చప్పట్లతో పట్టించాలె. పడు, పాడు లాంటి దీర్ఘాల తప్పులకు కూడా ఇదే మందు. భూమిని బూమి అని రాసుడు అంత అర్జెంటు కాదు. మన ఊళ్ళల్లో చాలామంది పలికేది అట్లనే, అది కంటితో గుర్తుపెట్టుకోవలసిన మాట. దాని కోసం కాపీ అంతా ఎర్రగ చేస్తే పిల్లలు రాసుడే బంద్ చేస్తరు.

మహబూబ్‌నగర్ పట్నంలో ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు మనం, మేము ఒకదాని చోట ఒకటి వాడుతరు. ఉర్దూలో రెండింటికీ "హమ్" ఒక్కటే. ఎదుటివాళ్ళను కూడా కలుపుకుంటే మనం, కలుపుకోకుంటే మేము అని చేత్తో చూపిస్తే త్వరగా పట్టుకుంటరు. అంకెల్లో కూడా చూడండి, ఉర్దూలో 30 తీస్, 29 ఉంతీస్, అంటే తీస్‌కు ఒకటి తక్కువ. తీస్ చెవిన పడంగనే 3 రాసి పక్కన 9 వేస్తే 39 అయితది. తెలుగులో ఇరవై తొమ్మిదికి ఆ ఇబ్బంది లేదు. కానీ నూట ఐదు అంటే 1005 అని రాసే పిల్లలు ఉన్నరు. విన్నది విన్నట్టు, ముందు 100, పక్కన 5. వీళ్ళకు 100 అని ఒక అట్టముక్క, 5 అని ఒక అట్టముక్క చేసి, చివరి సున్నా మీద 5 పెట్టి చూపించండి.

ఒక హెచ్చరిక కూడా. సరైన జవాబు వెనక తప్పు సూత్రం దాక్కుంటది. 0.4, 0.35 లో ఏది పెద్దది అంటే "35 పెద్దది కదా" అని 0.35 అనేవాళ్ళు ఉంటరు. 0.4 అని సరిగ్గా చెప్పినవాళ్ళలో కొందరు మాత్రం "అంకెలు తక్కువుంటే పెద్దది" అనుకొని చెప్పిండ్రు. వాళ్ళకు 0.4, 0.75 ఇచ్చి చూడండి, బయటపడుతది.

రాత లెక్కలకు ఆస్ట్రేలియాలో ఆన్ న్యూమన్ 1977 లో ఇచ్చిన పద్ధతి మన క్లాసులకు బాగ పనికొస్తది. "రాములు దగ్గర 24 బత్తాయిలు ఉన్నయి. అవి సైదులు దగ్గర ఉన్నవాటికంటే 6 ఎక్కువ. సైదులు దగ్గర ఎన్ని?" ఎక్కువ అన్న మాట పట్టుకొని 24 కు 6 కలిపి 30 అంటరు. వరుసగా అడగండి: చదివి వినిపించు. ఏం అడిగిండ్రు? ఏం చెయ్యాలె? చేసి చూపు. జవాబు పూర్తిగా రాయి. ఏ ప్రశ్న దగ్గర ఆగితే అక్కడి నుంచే పాఠం. ఈ లెక్కలో చాలామంది మూడో ప్రశ్న దగ్గర ఆగుతరు, అంటే కూడిక వాళ్ళకు వచ్చు, ఎవరి దగ్గర ఎక్కువున్నయో తేల్చుకోలేదు. "ఎవరి బుట్ట పెద్దది?" అని అడిగి రెండు బుట్టల బొమ్మ గీయించండి, 18 దానంతట అదే వస్తది.

ఇవాళ సాయంత్రం మీ పిల్లకు 602 లోంచి 358 ఇవ్వండి. 244 వస్తే సరే. ఈ లెక్కలో 356 వస్తే పెద్దదాంట్లోంచి చిన్నది తీసినట్టు, పుల్లల కట్టలు తీయండి. 344 వస్తే వందను తగ్గించడం మరిచినట్టు, 154 వస్తే వంద ఇచ్చి పదే తెచ్చుకున్నట్టు, రెండింటికీ నోట్లు, చిల్లర తీయండి. వీటిలో ఏదీ కాకుండా వేరే సంఖ్య వస్తే "ఎట్ల చేసినవో చెప్పు బిడ్డా" అని అడిగి, చెప్పుడు అయిపోయేదాక పెన్ను ఆమె చేతిలోనే ఉండనియ్యండి.