అంకెతో సహా చెప్పండి

అందరికీ నమస్కారం. పెళ్ళి కుదిరినవారు, ప్రేమించి పెళ్ళి చేసుకోబోతున్నవారు ఈ సభలో చాలామంది ఉన్నారని నిర్వాహకులు చెప్పారు. పెళ్ళికి ముందే ఒకరి అప్పులు ఒకరికి చెప్పుకోవడం గురించి మీతో మాట్లాడాలనే నేను వచ్చాను.

తిరుపతిలో నిలబడి అప్పు మాట ఎత్తడానికి ఎవరూ సిగ్గుపడనక్కరలేదు. పద్మావతీదేవిని పెళ్ళాడటానికి శ్రీనివాసుడు కుబేరుడి దగ్గర అప్పు చేశాడు. పత్రం రాసి ఇచ్చాడు, బ్రహ్మ, శివుడు సాక్షులు. ఆ ధనం కొలిచి కొలిచి అలసి, గోవిందరాజస్వామి కుంచం తలకింద పెట్టుకుని పడుకున్నాడని పెద్దలు చెప్పగా విన్నాం. వడ్డీకాసులవాడా అని ప్రేమగా పిలుచుకుంటున్నాం. స్వామి అప్పు ఊరంతటికీ తెలుసు. మన ఇళ్ళలో మాత్రం భర్త అప్పు భార్యకు తెలియదు. ఆమె చీటీ పాడి పుట్టింటికి పంపిన డబ్బు ఆయనకు తెలియదు.

నేను ఒక బ్యాంకులో బంగారు నగల రుణాల విభాగంలో చాలాకాలం పనిచేశాను. "ఈ నగ ఎవరిది?" అని అడిగితే తల దించుకుని "మా ఇంట్లోదే" అనేవారిని ఎందరినో చూశాను. వారిలో చెడ్డవారు తక్కువ, భయపడినవారే ఎక్కువ. వచ్చే నెల విడిపించేద్దాం, భార్యకు తెలియనే తెలియదు అనుకుంటారు. ఈలోగా ఏ మేనకోడలి పెళ్ళో వస్తుంది. ఆమె బీరువా తెరుస్తుంది.

మా ఇంట్లో జరిగింది కూడా చెబుతాను, ఆయన ఒప్పుకున్నాకే. పెళ్ళైన రెండో ఏడు, ఒక మధ్యాహ్నం ఆయన పేరిట నోటీసు వచ్చింది. పెళ్ళికి ముందే ఒక స్నేహితుడి అప్పుకు హామీ సంతకం పెట్టారట. ఆ స్నేహితుడు కట్టడం మానేశాడు. "అప్పు నాది కాదు కదా, చెప్పడానికి ఏముంది అనుకున్నాను" అన్నారు. హామీదారు బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను చెప్పేది అదే. ఆ డబ్బు తీర్చడానికి మాకు మూడేళ్ళు పట్టింది. ఆ మూడేళ్ళూ గేటు చప్పుడైతే చాలు, ఇంకేం దాచారో, ఇప్పుడు ఎవరొచ్చారో అని నా గుండె ఝల్లుమనేది. చేతి గాజులు అమ్మినప్పుడు కూడా నేను అంత ఏడవలేదు.

అందుకే "ఏవో కొన్ని అప్పులున్నాయి" అంటే ఊరుకోకండి. మీరూ అలా చెప్పకండి. అంకె చెప్పండి, వడ్డీ చెప్పండి. మన వైపు వడ్డీని రూపాయల్లో చెబుతారు. "నూటికి రెండు రూపాయలు" అంటే చెవికి చిన్నదిగానే వినిపిస్తుంది. లక్షకు నెలకు 2,000, ఏడాదికి 24,000 రూపాయలు అని చెప్పి చూడండి. క్రెడిట్ కార్డుకు కనీస మొత్తం మాత్రమే కడుతుంటే, మిగిలినదానిపై ఏడాదికి 36 శాతం, అంతకు మించి కూడా పడుతుంది. మన అప్పుల లెక్కలు నమోదు చేసే సిబిల్ వంటి సంస్థలు ఏడాదికి ఒకసారి ఉచితంగా రుణ నివేదిక ఇస్తాయి. ఇద్దరూ చెరొకటి తెచ్చుకోండి. చేబదుళ్ళు, ఊరి చీటీలు అందులో కనిపించవు. అవి నోటితోనే చెప్పాలి.

చెబితే పెళ్ళి ఆగిపోతుందేమోనని ఒక అమ్మాయి ఇందాక బయట నన్ను అడిగింది. ఆగిపోవచ్చు తల్లీ, అబద్ధం చెప్పను. అయినా తాళి కట్టకముందు తెలియడమే మేలు. ఇంకో మాట. భర్త సొంతంగా చేసిన అప్పుకు, తాను సంతకం పెట్టకపోతే, భార్య సాధారణంగా బాధ్యురాలు కాదు. కాబట్టి ఎంత ప్రేమ ఉన్నా చదవని కాగితం మీద సంతకం పెట్టకండి.

వినేవారికీ ఒక బాధ్యత ఉంది. నమ్మి చెప్పిన అంకెను ఆ సాయంత్రానికే మీ అమ్మగారి చెవిన వేస్తే, రెండో అంకె మీకు ఎప్పటికీ చెప్పరు.

మేము ఇప్పటికీ నెలలో మొదటి ఆదివారం నోటుపుస్తకం ముందు కూర్చుంటాం. తొలి రోజుల్లో గొడవ పడకుండా లేచిన ఆదివారం లేదు. పోయిన నెల, తమ్ముడికి 5,000 రూపాయలు చేబదులు ఇచ్చానని, నేను అడగకముందే ఆయన రాసిపెట్టారు.