లేచి నడిచాడు కదా, ఇంకేంటి?

[స్క్రీన్ మీద: మూత బిగించిన స్టీలు డబ్బా, నిండా గడ్డపెరుగు]

రోడ్డు దాటే మనిషిని కారు గుద్దింది. ఒక నిమిషం సోయి లేదు. తర్వాత లేచి కూర్చుని చొక్కా దులుపుకున్నాడు. ఎవరో మొహాన నీళ్ళు కొట్టారు, ఇంకెవరో సోడా పట్టించారు. "రక్తం కూడా రాలేదు, ఏం కాలేదులే, ఇంటికెళ్ళి పడుకో" అని ఆటో ఎక్కించారు. ఈ వీడియో అంతా ఆ "ఏం కాలేదులే" మీదే. వింటే ఒళ్ళు మండే మాట అది.

ఈ డబ్బాని కింద పడేస్తున్నా.

[చప్పుడు]

సొట్ట కూడా పడలేదు. మూత తీస్తే? గడ్డ చెదిరి నీరు తేలింది. డబ్బా ఆగిపోయింది, లోపలి పెరుగు ఆగలేదు. తలకి బయట గాయం లేదంటే డబ్బాకి సొట్ట లేదన్నట్టే. పెరుగు సంగతి దాన్నిబట్టి తెలియదు.

అసలు కారు గుద్దితే తగిలేది ఒక దెబ్బ కాదు, మూడు. ముందు బంపర్ కాలిని కొడుతుంది. కాళ్ళు లాగేసినట్టై ఒళ్ళు బానెట్ మీదకి ఒరుగుతుంది, తల వెళ్ళి అద్దానికో దాని పక్క ఇనప కమ్మీకో కొట్టుకుంటుంది. డ్రైవర్ బ్రేక్ తొక్కగానే మనిషి జారి రోడ్డు మీద పడతాడు, అది మూడోది. జనం కంట్లో పడేది మాత్రం మొదటిదే. విరిగిన కాలికి కట్టు కడతారు, తలని ఎవరూ అడగరు.

వేగం లెక్క కూడా చూడండి. గంటకి 30 కిలోమీటర్ల వేగం మూడున్నర మీటర్ల ఎత్తు నుంచి పడడంతో సమానం. 60 అయితే 14 మీటర్లు, అంటే నాలుగంతస్తుల డాబా మీంచి. వేగం రెట్టింపైతే ఎత్తు నాలుగింతలవుతుంది. కాలనీ రోడ్డులో "అరవైలోనే వెళ్తున్నా" అనేవాళ్ళు ఒకసారి డాబా ఎక్కి కిందకి చూడాలి.

మళ్ళీ డబ్బా దగ్గరకి. పుర్రెలో మెదడు, దాని చుట్టూ నీరు, నాళాల్లో రక్తం, ఈ మూడే ఉంటాయి. ఖాళీ లేదు, మూత తీయడం కుదరదు. కణత దగ్గర ఎముక పల్చన. దాని లోపలి వైపు గాడిలో ఒక ధమని నడుస్తుంది. అక్కడ ఎముక చిట్లితే ధమని తెగి, ఎముకకీ మెదడు పొరకీ మధ్య రక్తం చేరుతుంది. మొదట కాసేపు డబ్బా సర్దుకుంటుంది: నీరు వెన్ను వైపు దిగుతుంది, సిరల్లో రక్తం తగ్గుతుంది. ఆ కాసేపే మనవాడు లేచి నడిచి, ఇంటికి ఫోన్ చేసి, టీ తాగే సమయం. కొందరికి కొద్ది నిమిషాలు, కొందరికి గంటలు. అందరికీ ఈ గడువు దొరకదు కూడా.

సర్దుకునే చోటు అయిపోయాక మరో రెండు చెంచాల రక్తం చేరినా ఒత్తిడి ఒక్కసారిగా ఎగబాకుతుంది. డబ్బా అడుగున ఒకే పెద్ద కన్నం ఉంది, వెన్నుపాము దిగేది. పెరుగు అటే తోసుకొస్తుంది, ఊపిరి నడిపే కేంద్రం సరిగ్గా అక్కడే నలుగుతుంది. ఈ రకం రక్తపు గడ్డ 30 మిల్లీలీటర్లు దాటితే, మనిషి స్పృహలో ఉన్నా సరే, ఆపరేషన్ చేసి తీయాలన్నది న్యూరోసర్జన్లు పాటించే పద్ధతి. 30 అంటే దగ్గు మందు సీసా మీది 10 మిల్లీలీటర్ల మూతలు మూడు, అంతే! ఇందులో బాధేంటంటే చాలాసార్లు మెదడుకి నేరుగా పెద్ద దెబ్బే ఉండదు. వేళకి గడ్డ తీస్తే మనిషి మామూలుగా ఇంటికెళ్తాడు.

(పెరుగులో రక్తనాళాలు ఉండవు కదా అని డాక్టర్లు కామెంట్ పెడతారు, తెలుసు. ఇంతకంటే మంచి డబ్బా దొరికితే చెప్పండి.)

ఇక రోడ్డు మీద చేయాల్సింది. లేపి కూర్చోబెట్టొద్దు, నోట్లో ఏమీ పోయొద్దు, వాంతైతే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తల, మెడ, నడుము ఒకే వరసలో ఉంచండి. వాంతి వస్తుంటే ఇద్దరు ముగ్గురు కలిసి దుంగని దొర్లించినట్టు మొత్తం మనిషిని పక్కకి తిప్పండి. మాడు మీంచి రక్తం కారితే శుభ్రమైన గుడ్డతో అదమండి, వేలితో కెలకొద్దు. చెవిలోంచో ముక్కులోంచో నీరులా కారితే దూది కుక్కొద్దు. ఆటోలో మడిచి ఎక్కించే ముందు 108కి కొట్టండి. పోలీసుల భయం వద్దు, 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టంలో సాయం చేసినవాళ్ళకి రక్షణ ఉంది, పేరు చెప్పమని బలవంతం చేయకూడదు.

టైం అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. ఎక్స్‌రేలో ఎముకే కనబడుతుంది, రక్తం కనబడదు, కావాల్సింది సీటీ స్కాన్. స్కాన్ బాగున్నా మొదటి 24 గంటలు ఒక మనిషి పక్కన ఉండాలి. రాత్రి నిద్రపోనివ్వండి, కానీ రెండు మూడు గంటలకోసారి లేపి పేరు అడగండి, రెండు చేతులూ ఎత్తించండి. పదేపదే వాంతి, పెరుగుతున్న తలనొప్పి, మత్తు, తడబడే మాట, ఒక కంటిపాప పెద్దదవడం, ఫిట్స్: ఒక్కటి కనబడినా వెంటనే ఆసుపత్రికి. నొప్పికి డైక్లోఫెనాక్ సూది వేయించొద్దు, పారాసెటమాల్ చాలు. 2025 మే నుంచి కేంద్రం నగదురహిత పథకంలో ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజులు, లక్షన్నర రూపాయల దాకా వైద్యం ఉంది, ఎంపికైన ఆసుపత్రుల్లో.

చివరిగా పెద్దవాళ్ళు. వయసుతో మెదడు కుంచించుకుపోతుంది, అంటే డబ్బాలో పెరుగు తగ్గి చుట్టూ నీరు ఎక్కువవుతుంది, అందుకే పెరుగు ఎక్కువ కదులుతుంది. చిన్న స్కూటీ తగిలినా సన్న సిరలు తెగి రక్తం బొట్టుబొట్టుగా చేరుతుంది. సర్దుకునే చోటు ఎక్కువ కాబట్టి మూడు నాలుగు వారాలు ఏమీ తెలియకపోవచ్చు. రక్తం పల్చబడే మాత్రలు, క్లోపిడోగ్రెల్, అసిట్రోమ్ లాంటివి వాడుతుంటే ముప్పు ఇంకా ఎక్కువ. తాతగారు ఉన్నట్టుండి మతిమరుపుగా మాట్లాడుతున్నా, కాలు ఈడుస్తున్నా "వయసైపోయింది" అనుకునే ముందు, పోయిన నెల రోడ్డు మీద ఎక్కడైనా పడ్డారా అని అడిగి స్కాన్ తీయించండి.