దీర్ఘశాంతం అంటే ఏంటి?

పెద్దలకు, అయ్యగారికి, ఇక్కడ కూర్చున్న అందరికీ వందనాలు.

దేవుని స్వభావం గురించి ఇరవై నిమిషాలు మాట్లాడమన్నారు. ఇరవై నిమిషాల్లో అయిపోయేవాడైతే ఆయన దేవుడెలా అవుతాడు! అందుకని నేను ఒక్క మాట పట్టుకుంటాను. ఆ మాట నాకు మా ఇంట్లో ఫ్రిజ్ మీద దొరికింది.

మన ఇళ్లలో జనవరి ఒకటో తారీఖున తెచ్చుకున్న, బైబిలు వచనం రాసి ఉండే వాగ్దానం కార్డు ఏడాదంతా ఎక్కడో ఒకచోట అంటించి ఉంటుంది కదా. నాతో పనిచేసే మిత్రుడొకడు, హిందువు, ఇంటికొచ్చి మంచినీళ్లు తాగుతూ మా కార్డు చదివాడు. "దీర్ఘశాంతం అంటే ఏంట్రా?" అన్నాడు. చిన్నప్పటి నుంచి వింటున్న మాట, రోజూ ప్రార్థనలో వాడే మాట. అయినా అర్థం చెప్పడానికి నోరు పెగల్లేదు. "చాలాకాలం శాంతంగా ఉండటం" అన్నాను. వాడు నవ్వి, "అంటే ఆ తర్వాత కోపం వస్తుందన్నమాట" అన్నాడు.

అప్పటికి ఏదో సర్దిచెప్పాను. వాడు వెళ్లాక ఆలోచిస్తే వాడు చెప్పిందే కరెక్టు అనిపించింది.

ఆ మాట బైబిల్లో నిర్గమకాండం 34వ అధ్యాయం, ఆరో వచనంలోది. "యెహోవా కనికరము, దయ, దీర్ఘశాంతము, విస్తారమైన కృపాసత్యములుగల దేవుడైన యెహోవా" అని ఉంటుంది. ఇది దేవుడి గురించి, ఇశ్రాయేలు జనాన్ని నడిపించిన మోషే చెప్పింది కాదు. తన గురించి తాను చెప్పుకున్నది. బైబిల్లో దేవుడు తన గుణం ఏమిటో ఇంత వివరంగా తానే చెప్పుకున్న చోటు ఇంకొకటి నాకు కనపడదు. తర్వాత సంఖ్యాకాండం, నెహెమ్యా, కీర్తనలు, యోవేలు, యోనా, నహూము, అందరూ ఈ మాటల్నే తిప్పి తిప్పి వాడుకున్నారు.

ఎప్పుడు చెప్పాడన్నది ముఖ్యం. మోషే సీనాయి కొండ మీద నలభై రోజులు ఉన్నాడు. కింద జనం చెవిపోగులు తీసిచ్చి బంగారు దూడ చేయించుకున్నారు. మోషే దిగొచ్చి నిలదీస్తే, దాన్ని చేసిపెట్టిన అన్న అహరోను ఏమన్నాడో గుర్తుందా? వాళ్లు బంగారం ఇచ్చారు, నేను అగ్నిలో వేశాను, ఈ దూడ బయటికి వచ్చింది అన్నాడు. దొరికిపోయిన పిల్లాడు కూడా ఇంతకన్నా మంచి అబద్ధం ఆడతాడు. పది ఆజ్ఞల రాతి పలకలు పగిలిపోయాయి. దేవుడితో నిబంధన పెట్టుకుని రెండు నెలలు కాకుండానే తెగిపోయింది. మీరు లోబడని ప్రజలు, నేను మీతో రాను అని దేవుడు అనేశాడు కూడా. అలాంటి సమయంలో మోషే "నీ మహిమ చూపించు" అని అడిగాడు.

మహిమ అంటే మనం ఏమనుకుంటాం? కళ్లు చెదిరే వెలుగు, ఉరుము, మెరుపు. మోషే కూడా అదే అనుకుని ఉంటాడు. దేవుడు మాత్రం, నా మంచితనాన్ని నీ ఎదుట దాటిస్తాను, నా పేరు ప్రకటిస్తాను అన్నాడు. ముఖం చూడనివ్వలేదు. బండ సందులో నిలబెట్టి, చెయ్యి అడ్డం పెట్టి దాటిపోయాడు. మోషే కళ్లకు దొరికింది వెనుకపార్శ్వం మాత్రమే. చెవులకు మాత్రం పేరంతా దొరికింది.

మేము సండే స్కూల్లో దేవుని గురించి మొదట నేర్చుకున్నవి వేరు. సర్వశక్తిమంతుడు, సర్వజ్ఞుడు, సర్వవ్యాపి. ఇవి తప్పని నేను అనను. 1647లో వెస్ట్‌మినిస్టర్‌లో పండితులు కూర్చుని రాసిన చిన్న ప్రశ్నోత్తరిలో నాలుగో ప్రశ్న 'దేవుడు అంటే ఏమిటి?' అని. జవాబులో ఆత్మ, అనంతుడు, నిత్యుడు, మార్పులేనివాడు అని మొదలుపెట్టి జ్ఞానం, శక్తి, పరిశుద్ధత, న్యాయం, మంచితనం, సత్యం అన్నీ వరుసగా వస్తాయి. ప్రేమ అన్న మాట లేదు. మంచితనంలో ప్రేమ కలిసే ఉందని వాళ్ల తరఫున వాదించవచ్చు, నిజమే. అయినా దేవుడు తనను పరిచయం చేసుకున్న వరుసకీ మనం ఆయన్ని పరిచయం చేసే వరుసకీ తేడా చూడండి. ఆయన శక్తితో మొదలుపెట్టలేదు. కనికరంతో మొదలుపెట్టాడు.

ఆ కనికరం అన్న మాటకి హీబ్రూలో ఉన్నది 'రహూమ్'. 'రెహెమ్' అంటే గర్భసంచి. రెండూ ఒకే ధాతువు. ఇంగ్లీషువాళ్లకు దీన్ని వివరించాలంటే పుస్తకాలు రాయాలి. మనకు అక్కర్లేదు. మనకు 'కడుపుతీపి' అని మాట ఉంది. 'పేగుబంధం' అని ఉంది. కొడుకు ఎంత వెధవ పని చేసినా తల్లికి అన్నం సహించదు చూడండి, అది. కొత్త నిబంధన గ్రీకులో కూడా ఇలాగే, యేసు జనాన్ని చూసి 'కనికరపడెను' అన్నచోట వాడిన క్రియ పేగుల్ని సూచించే మాటలోంచి పుట్టింది. తప్పిపోయిన కొడుకు ఇంకా దూరంలో ఉండగానే తండ్రి చూసి కనికరపడ్డాడని లూకా 15లో ఉంటుందే, అక్కడున్నదీ అదే క్రియ. తండ్రికి కడుపు తరుక్కుపోయింది. అందుకే పెద్దమనిషినని మర్చిపోయి పరిగెత్తాడు.

ఇక మన దీర్ఘశాంతం. హీబ్రూలో 'ఎరెక్ అప్పయిమ్'. ఉన్నదున్నట్టు చెబితే 'ముక్కు పొడుగు' అని. నవ్వకండి. హీబ్రూలో ముక్కుకీ కోపానికీ ఒకటే మాట, 'అఫ్'. కోపం వచ్చిందనడానికి ముక్కు మండిందంటారు. మనవాళ్లూ తక్కువ తిన్నారా? ముక్కు మీద కోపం అంటాం, ముక్కుపుటాలు అదిరాయి అంటాం. ముక్కు మీద కోపం ఉన్నవాడికి ముక్కు ఎంత పొడుగుంటే ఏం లాభం, అది ఎప్పుడూ కొసనే కూర్చుని ఉంటుంది. దేవుడి కోపం అలా కాదు, కొసకి రావడానికి చాలా దూరం నడవాలి అని నేను అర్థం చేసుకుంటాను. ఇది వ్యాకరణం కాదు, నా ఊహ. మా ఆవిడ ఈ ముక్క విని, "ముందు మీ ముక్కు సంగతి చూసుకోండి" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

నా మిత్రుడు చెప్పింది ఇదే. దూరం ఎక్కువే గానీ, కోపం వస్తుంది. ఎప్పుడూ రాదని దేవుడు చెప్పుకోలేదు. పసిపిల్ల మీద అఘాయిత్యం జరిగిన వార్త చదివి కోపం రానివాణ్ని మనం మంచివాడు అనం, మొద్దు అంటాం. దేవుడికి కోపం ఉండటం ఆయన మంచితనానికి మచ్చ కాదు. అది ఆయన ముక్కు మీద కూర్చుని లేకపోవడమే మనకు ఊపిరి.

కృప, సత్యం, ఈ రెండు మాటలు త్వరగా చెబుతాను. కృప అంటే మనం పైవాడు కిందవాడి మీద చూపించేదని అనుకుంటాం. హీబ్రూ 'హెసెద్' అంతకన్నా ఇంటి మాట. విధవరాలైన రూతు అత్త నయోమిని వదలకుండా వెంట వచ్చింది కదా, తర్వాత ఆమెను పెళ్లాడిన బోయజు ఆమెలో మెచ్చుకున్నది హెసెద్‌నే. విడిచిపెట్టి వెళ్లినా ఎవరూ తప్పుపట్టని చోట విడవకుండా ఉండటం. సత్యం 'ఎమెత్', ప్రార్థన చివర మనమనే ఆమేన్‌కి చుట్టం. బరువు ఆనించినా కుంగనిది అని. యోహాను సువార్త మొదటి అధ్యాయంలో వాక్యము శరీరధారియై 'కృపాసత్యసంపూర్ణుడుగా' మన మధ్య నివసించెను అని చదివినప్పుడల్లా నాకు ఈ జంట మాటలే వినిపిస్తాయి. నాలుగు వచనాలు దాటితే ఎవరూ ఎప్పుడూ దేవుణ్ని చూడలేదు అంటాడు, కుమారుడే ఆయన్ని బయలుపరిచాడు అంటాడు. బండ సందులో మోషేకు దొరకని ముఖం గలిలయలో పడవల దగ్గర తిరిగిందని యోహాను సాక్ష్యం. క్రైస్తవులు దేవుని స్వభావం గురించి చెప్పేదంతా చివరికి ఇక్కడే ఆగుతుంది.

ఇప్పుడు ఇబ్బందైన భాగం. నిర్గమకాండం 34లోనే ఏడో వచనం. వేయివేలమందికి కృప చూపుతూ క్షమిస్తాడు అన్నాక, దోషుల్ని నిర్దోషులుగా ఎంచడు, తండ్రుల దోషం మూడు నాలుగు తరాల వరకు పిల్లల మీదికి రప్పిస్తాడు అని ఉంటుంది. యూదులు ప్రాయశ్చిత్త దినాన ఈ మాటలు ప్రార్థనగా చెప్పేటప్పుడు 'ఎంచడు' దగ్గరికి రాకముందే వాక్యాన్ని ఆపేస్తారు. హీబ్రూ వాక్యం అమరిక వల్ల అక్కడ ఆపితే 'నిర్దోషులుగా చేస్తాడు' అని అర్థం వస్తుంది. ఎంత తెలివి, ఎంత ఆశ!

మనం చేసేది దానికి తలకిందులు. పదేళ్ల కింద ఒక చావింటికి వెళ్లాను. ఇరవై రెండేళ్ల కుర్రాడు, బండి మీద వెళ్తూ పోయాడు. శవం ఇంకా ఇంట్లోనే ఉంది. వాక్యం తెలిసిన పెద్దాయన ఒకాయన ఆ తల్లి వినేటట్టు, "తండ్రి చేసినవి ఊరికే పోతాయా" అన్నాడు. వచనం నంబరు కూడా చెప్పాడు. నేను అక్కడే ఉన్నాను, నోరు విప్పలేదు. ఆ సిగ్గు ఇంకా పోలేదు.

ఆ రోజు అనాల్సింది ఈరోజు అంటాను. ఒకటి, అదే ధర్మశాస్త్రం ద్వితీయోపదేశకాండం 24లో తండ్రి పాపానికి కొడుకును చంపకూడదని చెబుతుంది. యెహెజ్కేలు 18లో జనం ఇదే సామెత పట్టుకుంటే, తండ్రులు పుల్లటి ద్రాక్షకాయలు తింటే పిల్లల పళ్లు పులిశాయనే ఆ సామెత ఇక ఎత్తకండి అని దేవుడే కోప్పడతాడు. రెండు, మూడు నాలుగు తరాలంటే పాతకాలం ఒక ఇంటి కప్పు కింద ఉండేవాళ్లు. తాత తాగితే ఆ దెబ్బ మనవడి చదువుదాకా వెళ్తుంది. అది మనకు కనిపిస్తూనే ఉంది. పాపం ఇంట్లో పాకుతుందని చెప్పే మాటని, దేవుడు పసివాళ్ల మీద పగ తీర్చుకుంటాడని చెప్పడానికి వాడటం ఆయన పేరును వ్యర్థంగా ఎత్తడమే. మూడు, లెక్క చూడండి. ఒక పక్క మూడు, నాలుగు. రెండో పక్క వేలు. ఈ త్రాసు సమానంగా ఉండాలని ఆయన అనుకోలేదు.

అయితే ఆ వచనం చింపేద్దామా? రెండో శతాబ్దంలో మార్సియన్ అనే ఆయన దాదాపు అదే పని చేశాడు. పాత నిబంధన దేవుడు వేరు, యేసు తండ్రి వేరు అన్నాడు. రోములోని సంఘం ఆయన్ని వెలివేసింది. అయినా ఆయన మన సంఘాల్లో ఇంకా తిరుగుతున్నాడు. తండ్రి కర్ర పట్టుకుని నిలబడితే యేసు మధ్యలో అడ్డం వచ్చాడన్నట్టు సిలువను బోధించిన ప్రతిసారీ వినిపించేది మార్సియన్ గొంతే. పౌలు అలా చెప్పలేదు. దేవుడు క్రీస్తులో ఉండి లోకాన్ని తనతో సమాధానపరుచుకున్నాడు అన్నాడు. దోషాన్ని దోషం కాదనలేదు, దోషినీ వదులుకోలేదు. ఆ నష్టం ఎవరో ఒకరు భరించాలి. తానే భరించాడు. సిలువ గురించి నాకు తెలిసింది ఇంతే.

ఇంత మంచి దేవుడంటే ఎవరికైనా ఇష్టమే కదా అనుకుంటాం. యోనాకి ఇష్టం లేదు.

యోనా గ్రంథంలో అందరికీ చేప గుర్తుంటుంది. అసలు సంగతి నాలుగో అధ్యాయంలో ఉంది. హెచ్చరించమని దేవుడు యోనాను పంపిన నీనెవె ఊరివాళ్లు మారారు, దేవుడు శిక్ష ఆపాడు. ప్రవక్తకి ఒళ్లు మండిపోయింది. నువ్వు కనికరం, దయ, దీర్ఘశాంతం, కృప గలవాడివని నాకు ముందే తెలుసు, అందుకే తర్షీషుకు పారిపోయాను అంటాడు. అవే మాటలు. మోషేకి వరంగా దొరికిన పేరు యోనా నోట్లో ఫిర్యాదు అయింది. పైగా ఒక మాట మింగేశాడు. 'సత్యం' చెప్పలేదు. యోనా తండ్రి పేరు అమిత్తయి, ఆ పేరులోనే ఎమెత్ ఉంది! సత్యమే గనక ఉంటే నీనెవెను కాల్చేసేవాడివి కదా అని ఆయన కడుపుమంట కాబోలు.

యోనాని తిట్టడం తేలిక. నీనెవె అష్షూరు రాజ్యపు మహానగరం, ఇప్పటి ఇరాక్‌లో మోసుల్ పక్కన ఉంది. క్రీ.పూ. 722 ప్రాంతంలో ఉత్తర ఇశ్రాయేలు రాజధాని షోమ్రోనును పడగొట్టింది అష్షూరే. 701లో అష్షూరు రాజు సన్హెరీబు యూదా పట్టణమైన లాకీషును పట్టుకుని, మనుషుల్ని కొయ్యలకు గుచ్చి, తోలు ఒలిచి, ఆ దృశ్యాలే నీనెవెలో తన రాజభవనం గోడల మీద చెక్కించుకున్నాడు. ఆ రాతి పలకలు ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఈ కథ విన్న యూదుడికి నీనెవె అంటే పటంలో ఒక ఊరు కాదు. మీ తాతను చంపినవాడి ఇల్లు. వాడి పట్ల దేవుడి ముక్కు పొడుగవుతుంటే మీకు ఎలా ఉంటుంది?

అష్షూరు మీద తీర్పు రాలేదా అంటే, వచ్చింది. నహూము ప్రవక్త అదే పేరును తీసుకుని, దీర్ఘశాంతుడే గానీ మహాబలం గలవాడు, దోషులను నిర్దోషులుగా ఎంచడు అంటాడు. క్రీ.పూ. 612లో నీనెవె పడిపోయింది. ఫ్రిజ్ దగ్గర నా మిత్రుడు అన్నమాట గుర్తుంది కదా.

కానీ యోనా పుస్తకం అక్కడిదాకా వెళ్లదు. యోనా ఊరి బయట పందిరి వేసుకుని, ఊరు ఎప్పుడు తగలబడుతుందా అని చూస్తూ కూర్చుంటాడు. నీడనిచ్చిన సొరచెట్టు ఎండిపోతే చచ్చిపోతానంటాడు. అప్పుడు దేవుడు అడుగుతాడు: నువ్వు నాటని, పెంచని చెట్టు మీద నీకు అంత జాలి ఉంటే, కుడి యెడమలు తెలియని లక్షా ఇరవై వేల కంటే ఎక్కువమంది, బోలెడన్ని పశువులు ఉన్న ఈ ఊరి మీద నాకు ఉండకూడదా?

పశువులను కూడా లెక్కేశాడు. దానికి యోనా ఏమన్నాడో రాసి లేదు. ఆ ప్రశ్నతోనే పుస్తకం అయిపోతుంది. మొత్తం 48 వచనాలు, ఇంటికెళ్లి చదివితే పది నిమిషాలు పట్టదు. చదివేముందు, మీ నీనెవె ఎవరో ఒక కాగితం మీద పేరు రాసి పక్కన పెట్టుకోండి.

టీ వచ్చినట్టుంది. ప్రశ్నలుంటే తాగుతూ మాట్లాడుకుందాం.