ప్లేబుక్ పచ్చగా వచ్చింది, మరి సర్వర్‌కి తాళం పడిందా?

నమస్తే అండీ, పర్లాకిమిడి నుంచి మాట్లాడుతున్నా. మా ఊళ్లో చిన్న వ్యాపారాల వాళ్లవి 6 సర్వర్లు నేనే చూసుకుంటా, మెషిన్లు ముంబైలో ఉంటాయి. ఇదివరకు ఒక్కోదాంట్లోకి వెళ్లి చేత్తోనే రూట్ అనే సర్వాధికార ఖాతా లాగిన్ ఆపడం, పాస్‌వర్డ్ లాగిన్ ఆపడం, ఫైర్‌వాల్ పెట్టడం చేసేవాణ్ణి, నాలుగోదానికి వచ్చేసరికి కరెంట్ పోయేది, తిరిగొచ్చాక ఎక్కడ ఆపానో గుర్తుండేది కాదు.

అందుకే ఈ పనులన్నీ మన బదులు చేసిపెట్టే ఆన్సిబుల్ అనే టూల్‌కి మారాను. సర్వర్ ఎలా ఉండాలో యామల్ అనే పద్ధతిలో టెక్స్ట్ ఫైల్లో రాస్తాం, దాన్నే ప్లేబుక్ అంటారు, ఆన్సిబుల్ ఎస్‌ఎస్‌హెచ్ మీద, అంటే దూరపు మెషిన్లోకి భద్రంగా లాగిన్ అయ్యే దారిలో, వెళ్లి చూసి తేడా ఉన్నచోటే మారుస్తుంది, అవతల పైథాన్ ఉంటే చాలు. ఇలాంటి టూలే, 2005 నుంచి ఉన్న పప్పెట్ కూడా మంచిదే, కానీ దానికి మామూలుగా ప్రతి మెషిన్లో ఏజెంట్ అనే చిన్న ప్రోగ్రాం పెట్టాలి. ఏమేం బిగించాలో సీఐఎస్ అనే సంస్థ ఇచ్చే భద్రతా సూచనలు, అంటే సీఐఎస్ బెంచ్‌మార్కులు చూడండి, ఉచితంగానే దొరుకుతాయి.

[స్క్రీన్ మీద ఉబుంటు టెర్మినల్]

ఇప్పుడు అసలు సంగతి. సర్వర్ వైపు ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్లు చూసుకునే ప్రోగ్రాం ఎస్‌ఎస్‌హెచ్‌డి, నేను దాని కాన్ఫిగ్ మెయిన్ ఫైల్లో పాస్‌వర్డ్ అథెంటికేషన్ నో అని ప్లేబుక్‌తో పెట్టించా, అంతా పచ్చగా, అంటే ఏ తప్పూ లేదని వచ్చింది, నేనూ నిశ్చింతగా పడుకున్నా. వారం తర్వాత చూస్తే పాస్‌వర్డ్‌తో లాగిన్ అవుతోంది! గుండె జారిపోయింది నిజంగా. ఎందుకంటే ఎస్‌ఎస్‌హెచ్‌డి ఒక సెట్టింగ్‌కి ముందు కనబడిన విలువే తీసుకుంటుంది, తర్వాత ఏం రాసినా పట్టించుకోదు. ఉబుంటులో మెయిన్ ఫైల్ పైభాగంలోనే ఇంకో ఫోల్డర్లోని ఫైళ్లను కలుపుకునే ఇంక్లూడ్ లైను ఉంటుంది, ఆ ఫోల్డర్లో 50-క్లౌడ్-ఇనిట్ అనే ఫైలు కొన్ని క్లౌడ్ ఇమేజ్‌లలో, అంటే క్లౌడ్ కంపెనీ ముందే సిద్ధం చేసిచ్చే సిస్టమ్‌లలో, ముందే ఎస్ అని చెప్పేసి ఉంటుంది. మన నో ఎంత కింద ఉన్నా ఏం లాభం చెప్పండి?

కాబట్టి మన సెట్టింగులు 01తో మొదలయ్యే పేరున్న ఫైల్లో పెట్టి అదే ఫోల్డర్లో వెయ్యండి, అక్షర క్రమంలో అదే ముందు చదువుతుంది. తర్వాత సర్వీస్ రీలోడ్ చేసి, ఎస్‌ఎస్‌హెచ్‌డికి డ్యాష్ పెద్ద టీ ఇస్తే చివరికి ఏ విలువ నిలిచిందో చూపిస్తుంది, ఆ చెక్‌ని ప్లేబుక్‌లోనే అసర్ట్ టాస్క్‌గా, అంటే విలువ తేడా వస్తే ఫెయిలయ్యే పనిగా పెట్టండి. అయినా నాకు మనసొప్పదు, వేరే టెర్మినల్ నుంచి కీ, అంటే పాస్‌వర్డ్ బదులు వాడే ఫైలు, లేకుండా నేనే లాగిన్ ట్రై చేస్తా, పర్మిషన్ డినైడ్ వస్తేనే నమ్ముతా.

ఇంకో మాట, బయట నిలబడిపోకండి! మీ కీతో లాగిన్ అవుతోందని ముందే చూసుకోండి, తెరిచిన సెషన్ ఒకటి అలాగే ఉంచండి, చెక్ మోడ్‌లో, అంటే ఏమీ మార్చకుండా, ఏం మారబోతోందో చూపే డిఫ్ చూశాకే రన్ చెయ్యండి. ప్లేబుక్‌లో సీరియల్ 1 పెట్టండి, ఒక్కో సర్వరే వెళ్తుంది, మొదటిది ఫెయిలైతే ప్లే అక్కడే ఆగిపోతుంది, మిగతా 5 జోలికి పోదు.