డాక్యుమెంటరీ తీసేవాళ్లు అంతకుముందు ఏం చేసేవారు? గోదావరి డెల్టాలో ఒక చిన్న టీమ్ కథ

[తెర మీద: ధవళేశ్వరం బ్యారేజీ. దిగువన గోదావరి గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలే చోటు.]

నమస్కారమండి. డాక్యుమెంటరీ చూస్తున్నప్పుడు నా మనసులో ఎప్పుడూ ఒక ప్రశ్న మెదులుతుంటుంది. ఈ కెమెరా పట్టుకున్న మనిషి దీనికి ముందు ఏ పని చేసేవాడు? మైకు పట్టుకున్న మనిషి ఎక్కడి నుంచి వచ్చాడు?

ఇండిపెండెంట్ డాక్యుమెంటరీకి స్టూడియో ఉండదు, వందమంది యూనిట్ ఉండదు. నలుగురో ఐదుగురో ఉంటారు. వాళ్లు వెనకటి వృత్తిలో ఏది గమనించడం నేర్చుకున్నారో సినిమా కూడా దాన్నే గమనిస్తుంది. అందుకే క్రూ గురించి చెప్పేటప్పుడు కెమెరా మోడల్ కంటే ముందు ఈ సంగతి చెప్పాలి అంటాను.

ఇది కొత్తేమీ కాదు. 1922లో తొలి పెద్ద డాక్యుమెంటరీల్లో ఒకటి తీసిన రాబర్ట్ ఫ్లాహెర్టీ అంతకుముందు కెనడా మంచు ప్రాంతాల్లో ఖనిజాల కోసం తిరిగినవాడు. అమెరికా డాక్యుమెంటరీ దర్శకుడు ఫ్రెడరిక్ వైజ్‌మన్ అంతకుముందు లా పాఠాలు చెప్పిన మనిషి. మన దేశంలో డాక్యుమెంటరీలు తీసే ఆనంద్ పట్వర్ధన్ సోషియాలజీ చదివారు.

ఇప్పుడు డెల్టాకి వద్దాం. లంక గ్రామాల్లో, అంటే నది పాయల మధ్య ఉండే ఊళ్లలో, నది ఒడ్డు కోసుకుపోవడం మీద మేం ఒక సినిమా తీస్తున్నాం. మాలో ఫిల్మ్ స్కూల్లో చదివినవాళ్లు ఎవరూ లేరు.

[తెర మీద: పెళ్లి పందిరి, లైట్లు, జనం మధ్య కెమెరామేన్.]

మా కెమెరామేన్ అమలాపురం చుట్టుపక్కల పెళ్లిళ్ల వీడియోలు తీసేవాడు. ఈ పనిని చాలామంది తక్కువగా చూస్తారు, అది అన్యాయం. తాళి కట్టే క్షణం ఒక్కసారే వస్తుంది. అర్ధరాత్రి ముహూర్తం, పొగ, చాలీచాలని వెలుతురు, అడ్డంగా పదిమంది. ఆ క్షణం తప్పిపోతే ఆ ఇంటివాళ్లకి సమాధానం చెప్పుకోవాలి. గట్టు విరిగి కొబ్బరిచెట్టు నదిలోకి ఒరిగేటప్పుడు కావాల్సింది సరిగ్గా ఆ అలవాటే. అయితే పెళ్లి వీడియో ఇంకో అలవాటు కూడా చేస్తుంది: "ఇటు చూడండి, ఇంకోసారి అక్షింతలు వేయండి" అనడం. డాక్యుమెంటరీలో ఆ మాట అనకూడదు. పొలం పోగొట్టుకున్న రైతుని గట్టు దగ్గరికి మళ్లీ నడిచి రమ్మంటే అది నటన అవుతుంది. నోరు మెదపకుండా నిలబడటం మావాడికి లెన్సులు నేర్చుకోవడం కంటే కష్టమైంది.

[తెర మీద: రాత్రి. రొయ్యల చెరువులో నీళ్లలోకి గాలి కలుపుతూ తిరుగుతున్న ఏరేటర్లు. మాట ఆపి, ఆ శబ్దం ఒక్కటే వినిపించాలి.]

ఈ మోత విన్నారా? డెల్టాలో సౌండ్ రికార్డిస్టుకి అసలు పరీక్ష ఇదే. కొత్తగా వచ్చినవాళ్లు ప్రశాంతంగా ఉంటుందని తెల్లవారుజామున ఇంటర్వ్యూ పెట్టుకుంటారు. రొయ్యల చెరువుల పక్కన తరచుగా ఎక్కువ మోత ఉండేది అప్పుడే. పగలు ఎండ ఉన్నంతసేపూ నీళ్లలోని సూక్ష్మమైన నాచు ఆక్సిజన్ తయారుచేస్తుంది. రాత్రి ఆ పని ఆగిపోతుంది. పైగా రొయ్యలతో పాటు ఆ నాచు కూడా ఉన్న ఆక్సిజన్ని వాడుకుంటుంది. తెల్లారేసరికి చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోతుంది కాబట్టి రాత్రంతా ఏరేటర్లు తిప్పుతారు. ఎండ ఎక్కాక చాలా చెరువుల్లో కొన్నయినా ఆపుతారు. మాకు మాటలు రికార్డు చేసుకునే సమయం అదే.

ఈ సంగతి మాకు చెప్పింది మా సౌండ్ కుర్రాడే. వాడు తీర్థాల్లో, పద్య నాటకాలకి మైక్ సెట్ వేసేవాడు, కొన్నాళ్లు చెరువుల మీద కాపలా కూడా ఉన్నాడు. నాటకం మైకులో గొంతు ఊరంతటికీ వినిపించాలి. ఇక్కడ ఇంటర్వ్యూ ఇచ్చే మనిషి మాట ఆపి ఊపిరి తీసుకోవడం కూడా వినిపించాలి. అందుకని హెడ్‌ఫోన్స్ తీయకుండా పనిచేయడం నేర్చుకున్నాడు. ప్రతి ఇంటర్వ్యూ అయ్యాక ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం ఆ చోటి శబ్దం విడిగా రికార్డు చేస్తాడు. ఎడిటింగ్‌లో ఒక మాట తీసేస్తే వెనకాల మోటారు హోరు కూడా తెగిపోయి, అతుకు తెలిసిపోతుంది. ఆ ఖాళీలో ఈ నిమిషం శబ్దాన్ని పరుస్తాం.

తర్వాత విలేకరి. మండల స్థాయిలో స్ట్రింగర్‌గా, అంటే పత్రికకి స్థానిక వార్తలు పంపే విలేకరిగా, పనిచేసినవాళ్లకి వీఆర్వో నుంచి నది దాటించే పంటు నడిపేవాడి దాకా అందరూ తెలుసు. కానీ వార్త వేగం వేరు. 1995 జనవరి 8న కోనసీమలోని పసర్లపూడిలో గ్యాస్ బావి బ్లోఅవుట్ అయి, అంటే గ్యాస్ అదుపు తప్పి పైకి ఎగదన్ని, 65 రోజులు మండింది. మంట ఉన్నన్నాళ్లూ అది వార్త. మంట ఆరాక ఆ పొలం, ఆ తోట, ఆ ఇల్లు ఏమయ్యాయన్నది డాక్యుమెంటరీ పని. మా విలేకరి ఇప్పుడు ఒకే ఇంటికి మళ్లీ మళ్లీ వెళ్తున్నాడు, చాలాసార్లు కెమెరా లేకుండానే.

పరిశోధన చూసేది వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరైన ఒక మేడమ్. 2011లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే ప్రకటించి ఖరీఫ్ సాగు మానేసినప్పుడు బయటివాళ్లు కోపం చూశారు. ఈవిడైతే మద్దతు ధర గురించి ఎంత అడుగుతారో, పూడుకుపోయిన డ్రెయిన్ల గురించీ అంతే అడుగుతారు. రైతులు మాకు చెప్పనివి ఆవిడకి చెప్తారు. తమ కష్టం ఆవిడకి సగం ముందే తెలుసని వాళ్లకి అర్థమవుతుంది.

[తెర మీద: మూడు అంకెలు. 11.75 అడుగులు, 13.75 అడుగులు, 17.75 అడుగులు.]

ధవళేశ్వరం దగ్గర మొదటి, రెండో, మూడో ప్రమాద హెచ్చరికలు ఇచ్చే నీటిమట్టాలు ఇవి. మా ప్రొడక్షన్ చూసుకునే అన్నయ్య కొబ్బరి వ్యాపారం నుంచి వచ్చాడు. లారీలు, కూలీలు, పంటు టైములు, వరద, అన్నీ ఆయన రోజూ లెక్కచూసుకున్నవే. ఎగువన భద్రాచలంలో నీటిమట్టం పెరుగుతోందంటే చాలు, మా షెడ్యూల్ మార్చేస్తాడు. ఏ ఊళ్లో బస చేసినా మొదట పెద్దవాళ్లని అడిగేది, ఎనభై ఆరు వరదలో ఈ వీధిలో నీళ్లు ఎంతదాకా వచ్చాయని. 1986 ఆగస్టు వరద గుర్తు ఇప్పటికీ చాలామంది గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. హార్డ్ డిస్కులు ఆ గుర్తుకి పైన పెడతాం. రెండో కాపీ రాజమండ్రిలో ఉంటుంది.

డ్రోన్ గురించి ఒక్క మాట. పెళ్లిళ్లలో ఎగరేసిన అనుభవం సరిపోదు. 2021 డ్రోన్ రూల్స్ చదివినవాళ్లు ఉండాలి. ఎగరేసే ముందు ప్రభుత్వ డ్రోన్ వెబ్‌సైట్ డిజిటల్ స్కై మ్యాపులో ఆ చోటు ఏ జోన్‌లో ఉందో చూడాలి. చమురు, గ్యాస్ స్థావరాలు ఉన్న ప్రాంతం మనది.

[తెర మీద: కోరింగ మడ అడవుల మధ్య సన్నటి పాయ. నాటుపడవ.]

ఇక క్రూ జాబితాల్లో తరచుగా కనపడని మనిషి. కోరింగలో మేం తిరిగింది ఒక మత్స్యకారుడి పడవలో. బాబాయ్ అని పిలుస్తాం. ఇక్కడ సముద్రపు నీళ్లు పాయల్లోకి ఎక్కే ఒక పోటుకీ ఇంకో పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. అంటే నిన్న నీళ్లు నిండిన టైముకి ఇవాళ నిండవు, దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. పోటు తగ్గి నీళ్లు వెనక్కి తీసేటప్పుడు సన్న పాయలోకి వెళ్తే పడవ బురదలో కూరుకుపోతుంది, మళ్లీ పోటు వచ్చేదాకా కదలదు. ఏ పాయలోకి ఎప్పుడు వెళ్లాలి, ఎప్పుడు తిరగాలి, ఎక్కడ ఇంజను ఆపితే పక్షులు లేవవు, ఇవన్నీ నిర్ణయించింది ఆయనే. మా సినిమాలో అక్కడి షాట్లలో చాలావాటికి చోటు ఎంచింది ఆయన కన్ను.

అలాంటి మనిషి పేరు చివర్లో 'కృతజ్ఞతలు' అన్న వరుసలో పదిమందితో కలిపి వేస్తే నాకు ఒప్పు కాదు. డైరెక్టరు, కెమెరా, సౌండ్ అని వేసే కార్డుల్లోనే 'పడవ, దారి' అని ఆయన పేరు వేస్తున్నాం. కూలి కూడా పడవ అద్దె ఒక్కటే లెక్కకట్టి ఇవ్వకూడదు. మాతో వచ్చిన రోజు ఆయన వేటకి వెళ్లడు, వలలో పడాల్సిన చేప పడదు. ఆ రోజు వేట మీద వచ్చేది ఎంతో ఆయన్నే అడిగి, దాన్ని కూడా బడ్జెట్‌లో ముందే రాసుకున్నాం.

మీ ఊళ్లో ఎవరైనా డాక్యుమెంటరీ తీయడానికి వస్తే, మీరు ఇంతకుముందు ఏం చేసేవారని అడగండి. మీరే తీయాలనుకుంటే మీ పాత పని ఏమిటో కింద రాయండి. వచ్చే వీడియోలో ఆ పనుల్లో ఏది ఏ విభాగానికి పనికొస్తుందో మా టీమ్‌తో కూర్చుని మాట్లాడతాం.