సౌండుకి మార్కులు వేయడం రాదంటే ఎలా?

(నాటక పోటీల న్యాయనిర్ణేతల శిక్షణ శిబిరంలో ఇచ్చిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, పరిషత్తు నిర్వాహకులకు, రేపటి నుంచి మార్కుల కాగితాలు పట్టుకుని కూర్చోబోయే న్యాయనిర్ణేతలకు నమస్కారం. శాలువాల సంగతి చివర్లో చూసుకుందాం. నాకు ఇచ్చిన అంశం సాంకేతిక విభాగాలన్నీ. లైటింగు, రంగాలంకరణ, ఆహార్యం గురించి చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. నేను సౌండు దగ్గరే ఆగిపోతాను.

ముందు న్యూయార్క్ ముచ్చట. బ్రాడ్వే, అంటే అక్కడి పెద్ద థియేటర్ల నాటకాలకిచ్చే టోనీ అవార్డులు 1947లో మొదలయ్యాయి. సౌండ్ డిజైన్‌కి, అంటే నాటకంలో ఏ శబ్దం ఎలా, ఎక్కడి నుంచి వినపడాలో తీర్చిదిద్దే పనికి బహుమతి పెట్టింది మాత్రం 2008లో. లండన్ ఆలివియర్ అవార్డులవాళ్లు అంతకు నాలుగేళ్ల ముందే, 2004లో పెట్టేశారు. పోనీ, ఆలస్యంగానైనా వచ్చింది కదా అనుకుంటే నిలవనిచ్చారా? 2014 జూన్ 8న అవార్డుల సభ జరిగింది. 11వ తేదీకల్లా, వచ్చే సీజన్ నుంచి సౌండుకి బహుమతులు లేవన్నారు. మాటల నాటకానికొకటి, మ్యూజికల్‌కి, అంటే పాటల నాటకానికొకటి ఉండేవి, రెండూ పోయాయి. ఎందుకట? ఓటు వేసేవాళ్లలో చాలామందికి సౌండుని ఎలా బేరీజు వేయాలో తెలియదట. కొందరి లెక్కలో అది అసలు కళే కాదట, యంత్రాల పనట. పత్రికల్లో వచ్చిన కారణాలివి.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు అంటాం. వీళ్లు వినలేక మద్దెలనే బయట పారేశారు.

సౌండ్ డిజైనర్ జాన్ గ్రొమాడా ఒక విజ్ఞప్తి పెడితే 30 వేలమందికి పైగా సంతకాలు చేశారు. ఈలోగా తమాషా చూడండి. 'ది ఎన్‌కౌంటర్' అనే నాటకం బ్రాడ్వేకి వచ్చింది. ప్రేక్షకులందరికీ హెడ్‌ఫోన్లు. స్టేజీ మీద మనిషి తల ఆకారంలో ఒక మైకు. నటుడు దాని ఎడమ చెవి దగ్గర గుసగుసలాడితే మన ఎడమ చెవి జలదరిస్తుంది. ఆ నాటకానికి ప్రాణం సౌండే, సౌండుకేమో విభాగం లేదు! చివరికి 2017లో గారెత్ ఫ్రై, పీట్ మాల్కిన్‌లకు ప్రత్యేక అవార్డు ఇచ్చి గట్టెక్కారు. అదే ఏడాది విభాగాలు తిరిగి పెడుతున్నామని ప్రకటించి, 2018 జూన్‌లో ఇచ్చారు. తిరిగి పెట్టినప్పుడు చేసిన మార్పే మనకి ముఖ్యం. సౌండుకి ఓటర్లందరూ ఓటు వేయనక్కర్లేదు, దాని గురించి తెలిసినవాళ్లు వేస్తే చాలన్నారు.

మన పరిషత్తుల్లో చాలాచోట్ల సౌండుని 'సంగీతం' గడిలో కలిపేస్తాం. కీబోర్డు బాగా వాయిస్తే మార్కులు పడతాయి. చివరి వరుసకి డైలాగు వినపడిందా అని అడిగే గడి కాగితంలో ఉండదు.

ఒక్క నిమిషం. ఆ ఫ్యాన్లు ఆపండి బాబూ. అన్నీ. గోడ పక్కవి కూడా.

ఆ... విన్నారా? ఇంతసేపూ ఆ హోరు మీదుగా అరుస్తున్నాను. ఇప్పుడు గొంతు తగ్గించినా వెనక కూర్చున్న పెద్దాయన తలూపుతున్నారు. నటుడు గుసగుసగా చెప్పాల్సిన మాట కేకయ్యేది ఇక్కడే. తప్పు నటనదని మార్కులు కోస్తాం.

ఇంకో అన్యాయం. లైట్లు తగ్గించినప్పుడల్లా స్పీకర్లలో 'జుయ్' మంటుంది. లైట్ల డిమ్మర్లకీ సౌండుకీ కరెంటు ఒకే ఫేజు నుంచి లాగితే వచ్చే రోగమది. అది హాలు తప్పు, నాటక సమాజం తప్పు కాదు. నిర్వాహకులు సౌండుకి వేరే ఫేజు ఇస్తే చాలావరకు పోతుంది.

ఇక మైకులు. వేలాడేవి, ముందు పెట్టేవి కలిపి ఏడెనిమిది తెరిచి ఉంచుతారు. తెరిచిన మైకులు రెట్టింపైన ప్రతిసారీ, కూత (స్పీకరు సౌండు తిరిగి మైకులోకే దూరి పెట్టే కీచు) మొదలయ్యేలోపు పెంచుకోగలిగే సౌండు 3 డెసిబెల్స్ తగ్గుతుంది. మంచి ఆపరేటరు నటుడి కదలికను బట్టి రెండు తెరుస్తాడు, మిగతావి దించుతాడు. అతని వేళ్లు ఫేడర్ల (సౌండు పెంచి తగ్గించే మీటల) మీద కదులుతున్నాయా లేదా చూడండి. బ్రాడ్వే మ్యూజికల్స్‌లో ఇదే పని మాటమాటకీ చేస్తారు. జుట్టు మొదట్లో, విగ్గు కింద మినపగింజంత మైకు ఉంటుంది. నాయికా నాయకులు కౌగిలించుకున్నారనుకోండి, ఒకరి గొంతు రెండు మైకుల్లోకీ కొద్ది తేడాతో వెళ్లి గొట్టంలోంచి మాట్లాడినట్టు బోలుగా వస్తుంది. అందుకని ఒకరి మైకు మూసి రెండోవారిది ఉంచాలి. మైకు మీద చెమట చుక్క పడితే స, శ, చ మందగిస్తాయి. ప్రధాన పాత్రలకి రెండో మైకు కట్టేది అందుకే.

పొడవాటి హాలైతే మధ్యలో స్పీకర్లు పెడతారు. శబ్దం సెకనుకి సుమారు 345 మీటర్లు పోతుంది. స్టేజీకి 20 మీటర్ల దూరంలో కూర్చున్నవారికి నటుడి గొంతు 58 మిల్లీసెకన్లకి చేరుతుంది. 3 మీటర్ల దూరంలో ఉన్న స్పీకరు సౌండు 9కే చేరుతుంది. దాంతో మాట నెత్తి మీది డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది. ఆ స్పీకరుని ఆ తేడా 49, పైన మరో 10 నుంచి 15 మిల్లీసెకన్లు ఆలస్యం చేస్తే, మాట నటుడి నోట్లోంచే వచ్చినట్టు చెవి నమ్ముతుంది. దీన్ని డిలే అంటారు. దీనికి మార్కులు వేయడం రాదంటారా? కళ్లు మూసుకోండి, మాట వచ్చిన వైపు వేలు చూపించండి, కళ్లు తెరవండి. వేలు నటుడి వైపుంటే మార్కులు వేయండి.

టెలిఫోను దృశ్యం మాత్రం వదలకండి. బల్ల మీద ఫోను, గంట మోగేది స్టేజీకి రెండు పక్కలున్న పెద్ద స్పీకర్లలో! బల్ల కింద అరచేయంత స్పీకరు పెడితే సరిపోయేది. రిసీవరు ఎత్తాక కూడా ఇంకో రెండు ట్రింగులు... ప్రేక్షకులు నవ్వేస్తారు, తండ్రి చావు కబురు దృశ్యం మట్టిగొట్టుకుపోతుంది. ఆపరేటరు డైలాగు కోసం చెవి ఒగ్గి కూర్చుంటే అంతే. అతను చూడాల్సింది నటుడి చేతిని.

అయ్యా, చివరిగా ఒక విన్నపం. మీకు మొదటి వరుసలో సోఫాలు వేస్తారు. అక్కడికి నటుడి గొంతు నేరుగా వస్తుంది. డిజైను ఏం చేసిందో మీకు తెలిసే అవకాశమే లేదు. ముగ్గురూ పక్కపక్కన కూర్చోకండి. ఒకరు మధ్యలో, ఒకరు బాల్కనీ కింద, ఒకరు చివరి వరుసలో. టీ అక్కడికే పంపిస్తారు.

ఫ్యాన్లు వేసుకోవచ్చు బాబూ.